సమన్వయం ఎక్కడ జరుగుతుంది? క్రైస్తవ విశ్వాసాధారిత క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ శిక్షణ: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని కొన్ని క్రైస్తవ విద్యాసంస్థలు క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ శిక్షణను క్రైస్తవ విశ్వాసంతో సమన్వయపరచి అందిస్తున్నాయి. ఈ సమన్వయాన్ని గురించిన చర్చ అర్ధశతాబ్దికి పైగా ప్రధానంగా భావనల స్థాయిలోనే సాగింది. సమన్వయం విద్యార్థికి ఎలా అలవడుతుందన్న ప్రశ్నపై జరిగిన పరిశోధన మాత్రం వేరొక దిక్కును చూపింది. ఆచార్యునితో ఏర్పడే వ్యక్తిగత సంబంధమే దానికి ప్రధాన మార్గమని అది తేల్చింది. ఈ ఫలితాన్ని అంగీకరిస్తే, ఆ సంబంధంలో సందేహానికి ఎంత చోటున్నదన్నదే శిక్షణ నాణ్యతకు గీటురాయి అవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్లినికల్ సైకాలజీ, క్రైస్తవ విశ్వాసం, సమన్వయం, డాక్టరేట్ శిక్షణ, అనుబంధ సిద్ధాంతం, వృత్తినీతి.

1. ఉపోద్ఘాతం

మనిషి మనోవేదనను గురించి మతానికీ మనోవిజ్ఞానశాస్త్రానికీ చెరొక పరిభాష ఉంది. పాపం, పశ్చాత్తాపం, కృప, క్షమ అన్నవి ఒకరి మాటలు. కుంగుబాటు, ఆందోళన, రక్షణతంత్రాలు, అనుబంధం అన్నవి మరొకరి మాటలు. బాధపడే మనిషి మాత్రం ఒక్కడే. అతని నోటివెంట ఈ రెండు పరిభాషలూ కలగలిసి వస్తాయి. చికిత్సకుడు వాటిలో ఒకదానిని వింటూ రెండవదానికి చెవి మూసుకుంటే, రోగి చెప్పినదానిలో సగమే విన్నట్టు. క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ శిక్షణలోకి క్రైస్తవ విశ్వాసాన్ని తీసుకురావాలన్న ప్రయత్నానికి ఆధారమైన వాదం ఇదే.

ఈ వాదంలో బలముంది. అయితే దానిని ఆచరణలో పెట్టిన సంస్థలు దేనిని సమన్వయం అంటున్నాయి, అది జరిగిందని ఎలా తెలుసుకుంటున్నాయి, దాని మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. ఈ శిక్షణ సాహిత్యంలోని ప్రధాన ధోరణులను ఆ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. విశ్వాసం సత్యమా కాదా అన్న చర్చ దీని పరిధిలోనిది కాదు.

2. నేపథ్యం

అమెరికాలో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ శిక్షణకు నేటి రూపం రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఏర్పడింది. 1949లో జరిగిన బోల్డర్ సమావేశం, చికిత్సకుడు పరిశోధకుడు కూడా కావాలన్న నమూనాను స్థిరపరచింది. 1973లో జరిగిన వెయిల్ సమావేశం వృత్తి ఆచరణకు ప్రాధాన్యమిచ్చే సై.డి. పట్టాకు ఆమోదం తెలిపింది. క్రైస్తవ సంస్థల ప్రయత్నాలు ఈ రెండు చట్రాలలోనూ ఇమిడాయి.

కాలిఫోర్నియాలోని పసదేనాలో 1947లో స్థాపితమైన ఫుల్లర్ థియొలాజికల్ సెమినరీ, 1960ల మధ్యలో మనోవిజ్ఞాన విభాగాన్ని ప్రారంభించింది. వాక్‌లోపాల అధ్యయనంలో పేరుగాంచిన శాస్త్రవేత్త లీ ఎడ్వర్డ్ ట్రావిస్ దానికి తొలి డీన్. ఆ పీహెచ్.డి. కార్యక్రమానికి 1974లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) గుర్తింపు లభించింది. ఒక సెమినరీలోని క్లినికల్ సైకాలజీ శిక్షణ లౌకిక వృత్తిసంఘం పరీక్షకు నిలబడటం అప్పటికి కొత్త విషయం. రోజ్‌మీడ్ స్కూల్ ఆఫ్ సైకాలజీ స్వతంత్ర సంస్థగా మొదలై 1977లో బయోలా విశ్వవిద్యాలయంలో విలీనమైంది. 1973 నుంచి ఆ సంస్థ వెలువరిస్తున్న 'జర్నల్ ఆఫ్ సైకాలజీ అండ్ థియాలజీ' ఈ రంగానికి ప్రధాన వేదికలలో ఒకటి. ఆరెగాన్‌లోని జార్జ్ ఫాక్స్ 1990లో ఒక సెమినరీ నుంచి ఇటువంటి కార్యక్రమాన్ని స్వీకరించింది. ఇల్లినాయ్‌లోని వీటన్ కళాశాల 1993లో సై.డి. శిక్షణను ఆరంభించింది.

ఈ నాలుగూ ప్రొటెస్టెంటు సంస్థలు. మొదటి తరంలో వీటిని నడిపినవారిలో అత్యధికులు ఇవాంజెలికల్ సంప్రదాయానికి చెందినవారు. కాబట్టి వీటి సాహిత్యంలో 'క్రైస్తవం' అన్న మాట కనిపించినచోట, అది క్రైస్తవంలోని ఒక పాయ అని పాఠకుడు గుర్తుంచుకోవలసి ఉంటుంది. కేథలిక్ పాపనివేదన సంప్రదాయం, ఆర్థడాక్స్ సన్న్యాసుల అంతర్ముఖ సాధన మనోవ్యాపారాలను శతాబ్దాలుగా నిశితంగా గమనించాయి. సమన్వయ సాహిత్యపు తొలి దశలో వాటికి దక్కిన చోటు స్వల్పం.

3. నమూనాల వాదం

సమన్వయవాదులకు ఆదినుంచీ ఇద్దరు ప్రత్యర్థులున్నారు. ఒకవైపు, మతాన్ని అనారోగ్య లక్షణంగా చూసే మనోవిజ్ఞానం. ఫ్రాయిడ్ 1927లో ప్రకటించిన 'ఒక భ్రమ భవిష్యత్తు' ఆ ధోరణికి ప్రసిద్ధ ఉదాహరణ. మరొకవైపు, మనోవిజ్ఞానాన్నే అనుమానించే విశ్వాసులు. జే ఆడమ్స్ 1970లో వెలువరించిన 'కాంపిటెంట్ టు కౌన్సెల్', మనోవ్యథలలో అధికభాగానికి మూలం పాపమేననీ, వాటికి బైబిలు ఆధారమైన ఉపదేశమే తగిన చికిత్స అనీ వాదించింది.

ఈ ఇద్దరి నడుమ తమ స్థానాన్ని నిర్వచించుకోవడానికి సమన్వయవాదులు వర్గీకరణలను ఆశ్రయించారు. జాన్ కార్టర్, బ్రూస్ నారమోర్‌లు 1979లో నాలుగు నమూనాలను చెప్పారు. మొదటిది రెండు శాస్త్రాలకూ వైరమని చెబుతుంది. రెండవది ఒకదానిని రెండవదానిలో కలిపేస్తుంది. మూడవది రెండూ సమాంతరంగా నడుస్తాయంటుంది. నాలుగవది నిజమైన సమన్వయం. ఎరిక్ జాన్సన్, స్టాంటన్ జోన్స్‌లు 2000లో సంపాదకత్వం వహించిన గ్రంథంలో నాలుగు దృక్పథాలు ఎదురెదురుగా నిలిచాయి. 2010లో జాన్సన్ సంపాదకత్వంలో వచ్చిన కూర్పులో అవి ఐదయ్యాయి. శాస్త్రమూ విశ్వాసమూ వేరువేరు వివరణ స్థాయిలని డేవిడ్ మైయర్స్ అన్నారు. జోన్స్ సమన్వయాన్ని సమర్థించారు. క్రైస్తవ సంప్రదాయంలోనే ఒక మనోవిజ్ఞానం ఉందనీ, దానిని వెలికితీయాలనీ రాబర్ట్ రాబర్ట్స్, పి.జె. వాట్సన్ వాదించారు. పరిశోధకుని ఆత్మీయ పరివర్తనే జ్ఞానానికి పునాది అని జాన్ కో, టాడ్ హాల్ ప్రతిపాదించారు. బైబిలు ఆధారిత ఉపదేశం పక్షాన డేవిడ్ పౌలిసన్ నిలిచారు.

ఈ సంవాదం విలువైనది. పరస్పరం విభేదించే పక్షాలను ఒకే గ్రంథంలో కూర్చోబెట్టి, ఒకరి వ్యాసానికి మరొకరిచేత సమాధానం రాయించడం మంచి విద్యాసంప్రదాయం. అయితే ఇందులో ఒక లోపముంది. ఐదు పక్షాలలో నాలుగు, సమన్వయమైనా విభజనైనా సిద్ధాంతాల మధ్య జరిగే వ్యవహారమనే ప్రధానంగా భావించాయి. కో, హాల్‌లు మాత్రమే చర్చను వ్యక్తి వైపు మళ్లించారు. కానీ వారు కూడా పరిశోధకుని అంతరంగ సాధనకు ఇచ్చినంత ప్రాముఖ్యం శిక్షణ సంస్థలోని అధికార సంబంధాలకు ఇవ్వలేదు. ఏ నమూనాను ఎంచుకున్నా, దానిని ఇరవై అయిదేళ్ల విద్యార్థి ఎవరి దగ్గర, ఏ షరతులమీద నేర్చుకుంటాడన్నది గ్రంథం బయటే మిగిలిపోయింది.

4. చర్చను మలుపు తిప్పిన పరిశోధన

ఆ ప్రశ్నను అనుభవపూర్వకంగా పరిశీలించినవారిలో రోజ్‌మీడ్ ఆచార్యుడు రాండల్ సోరెన్సన్ ముఖ్యుడు. జాన్ బౌల్బీ ప్రతిపాదించిన అనుబంధ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని, డాక్టరేట్ విద్యార్థులు సమన్వయాన్ని ఎలా నేర్చుకుంటున్నారో ఆయన 1997లో ప్రకటించిన అధ్యయనంలో విశ్లేషించారు. ఆ అధ్యయనాన్ని ఇతర కార్యక్రమాల పరిశోధకులతో కలిసి విస్తరించిన తుది నివేదిక 2004లో వెలువడింది. తేలిన సారాంశం ఇది. పాఠ్యప్రణాళిక, సిద్ధాంత నమూనాలు విద్యార్థికి సహాయపడవచ్చు. అయినా నిర్ణాయకమైనది మాత్రం ఆచార్యుడే. తన విశ్వాసాన్నీ వృత్తినీ కలుపుకోవడానికి తాను చేస్తున్న ప్రయత్నాన్ని, అందులోని తడబాట్లతో సహా, విద్యార్థి ముందు దాపరికం లేకుండా ఉంచగలిగిన ఆచార్యుని వద్దనే విద్యార్థి సమన్వయాన్ని నేర్చుకుంటాడు.

గురుశిష్య పరంపరను ఎరిగిన పాఠకులకు ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదనిపించవచ్చు. విద్య గురుముఖతః రావాలన్న మాట మనకు పాతదే. కానీ సోరెన్సన్ చెప్పినది అంతకంటే నిర్దిష్టమైనది. గురువు పాండిత్యం గురించి ఆయన చెప్పలేదు. గురువు తన అసంపూర్ణతను శిష్యునికి కనిపించనీయడాన్ని గురించి చెప్పారు.

ఈ పరిశోధనకు పరిమితులున్నాయి. ఇది విద్యార్థుల స్వీయ అభిప్రాయాలపై ఆధారపడింది. సమన్వయం అలవడిందని విద్యార్థి భావించడమూ, అతని దగ్గరకు వచ్చిన రోగికి మేలు జరగడమూ ఒకటి కావు. విశ్వాసాధారిత కార్యక్రమాన్ని కోరి చేరినవారి అభిప్రాయాలే ఇందులో ఉన్నాయి. ఇమడలేక మధ్యలో వెళ్లిపోయినవారి గొంతు ఇటువంటి పరిశోధనలో వినిపించడం కష్టం. వీటన్నిటికంటే ముఖ్యమైన పరిమితి మరొకటుంది. అనుబంధం ద్వారా నేర్చుకోవడానికీ, అనుబంధం కోసం అనుకరించడానికీ తేడాను ఈ పద్ధతి స్పష్టంగా విడదీయలేదు.

ఆ తేడాను విడదీయగల సాధనం అనుబంధ సిద్ధాంతంలోనే ఉంది. మేరీ ఎయిన్స్‌వర్త్ పరిశీలనల ప్రకారం, భద్రమైన అనుబంధమున్న బిడ్డ తల్లిని అంటిపెట్టుకుని ఉండదు. తల్లి ఉన్నదన్న ధైర్యంతో దూరంగా వెళ్లి ఆడుకుంటుంది, భయం వేసినప్పుడు తిరిగి వస్తుంది. తల్లి కోపమో నిరాదరణో ఎదురవుతుందని సంశయించే బిడ్డ ఆ అన్వేషణను మానుకుంటుంది. ఈ కొలమానాన్ని డాక్టరేట్ శిక్షణకు వర్తింపజేస్తే ప్రశ్న సూటిగా నిలుస్తుంది. విద్యార్థి తన ఆచార్యుని విశ్వాసానికి దూరంగా వెళ్లి, తిరిగి వచ్చో రాకో, ఆ సంబంధాన్ని నిలుపుకోగలడా? నిలుపుకోగలిగితే అది భద్రమైన అనుబంధం. లేనిచో అది విధేయత మాత్రమే.

5. ప్రవేశద్వారం దగ్గరి షరతు

ఇక్కడ సంస్థాగత నిబంధనలు చర్చలోకి వస్తాయి. 1996 నుంచి అమలులోకి వచ్చిన ఏపీఏ గుర్తింపు మార్గదర్శకాలలోని 4వ అధస్సూచిక, మతసంస్థలతో అనుబంధమున్న కార్యక్రమాలు విద్యార్థుల ప్రవేశంలోనూ ఆచార్యుల నియామకంలోనూ తమ మతానికి ప్రాధాన్యమివ్వడాన్ని అనుమతించింది. ఆ విధానాన్ని ముందుగానే బహిరంగపరచాలన్నది షరతు. ఈ మినహాయింపును తొలగించాలన్న ప్రతిపాదన 2001లో చర్చకు వచ్చినా నిలవలేదు.

మినహాయింపును సమర్థించేవారి వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. లౌకిక కార్యక్రమాలకూ విలువలున్నాయి, అవి పైకి ప్రకటితం కావు, అంతే. 1980లో అలెన్ బెర్గిన్ చికిత్సలో దాగిన విలువలను ఎత్తిచూపినప్పుడు, ఆల్బర్ట్ ఎల్లిస్ అదే పత్రికలో ఇచ్చిన సమాధానం మతనిష్ఠను మానసిక అనారోగ్యంతో ముడిపెట్టింది. అటువంటి వాతావరణంలో విశ్వాసియైన విద్యార్థి తన నమ్మకాలను దాచుకుని చదువుకోవలసి రావడం ఊహకు అందనిది కాదు. దాచుకోనక్కరలేని చోటు ఒకటి ఉండటం వైవిధ్యానికి మేలే.

అయితే విశ్వాసి తన విశ్వాసాన్ని దాచుకోనక్కరలేని చోట, సందేహి తన సందేహాన్ని దాచుకోవలసివస్తే ఇబ్బంది తలకిందులైందే తప్ప తొలగలేదు. ఇటువంటి సంస్థలలో ఆచార్యులు విశ్వాస ప్రకటనకు సమ్మతి తెలపడం పరిపాటి. విద్యార్థులకు ప్రవర్తనా నియమాలు ఉంటాయి. తన తడబాట్లను చూపగల ఆచార్యుడే సమన్వయాన్ని నేర్పుతాడని పరిశోధన చెబుతోంది. ఆ తడబాటు ఒక హద్దు దాటితే ఆచార్యుని ఉద్యోగానికే ముప్పు రావచ్చునని నిబంధన గుర్తుచేస్తోంది. సమన్వయ శిక్షణకు ప్రాణమైన పారదర్శకతకు సంస్థే పైకప్పు వేస్తున్నది. ఈ వైరుధ్యాన్ని సమన్వయ సాహిత్యం నేరుగా ఎదుర్కోకుండా తన నమూనాలకు ఎన్ని మెరుగులు దిద్దుకున్నా ప్రయోజనం పరిమితం.

క్లినికల్ సైకాలజీలో ఈ ముప్పు ఇతర శాస్త్రాలకంటే ఎక్కువ. ఇక్కడ విద్యార్థి వ్యక్తిత్వమే పనిముట్టు. పర్యవేక్షణలో అతడు తన భయాలను, పక్షపాతాలను, రోగిపట్ల కలిగిన కోపాన్ని విప్పి చెప్పాలి. వాటిని వినేవారే అతనికి మార్కులు వేసేవారు, సిఫారసు లేఖలు రాసేవారు. దీనికి విశ్వాస విషయంలోనూ మదింపు తోడైతే, విద్యార్థి నోరు రెండు విధాల కట్టుబడుతుంది.

6. రోగి ఎదుట

ఈ చర్చ అంతిమంగా చికిత్సాగదిలో తేలవలసిందే. ఒక ఉదాహరణను ఊహించుకుందాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, 'ఇది దేవుడు నాకు వేసిన శిక్ష' అంటుంది. శిక్షణలో ఉన్న విద్యార్థి ముందు మూడు దారులున్నాయి. అది తన శాస్త్రం పరిధిలోనిది కాదని ఆమెను పాస్టరు దగ్గరకు పంపవచ్చు. దేవుడు అలాంటివాడు కాడని ఆమె దైవభావనను సరిదిద్దవచ్చు. లేదా ఆ శిక్ష అన్న మాట ఆమె జీవితంలో ఎక్కడినుంచి వచ్చింది, అది తొలగితే ఆమెకు మిగిలేదేమిటి అని ఆమెతో కలిసి వెతకవచ్చు. శిక్ష అన్న భావన కూలిపోతే ఆమె ఎదుట నిలిచేది అర్థంలేని మరణం కావచ్చు. అది శిక్షకంటే భరించరానిది కూడా కావచ్చు.

మూడవ దారిలో నడవాలంటే విద్యార్థికి జవాబు లేనిచోట నిలబడే ఓర్పు కావాలి. జవాబు లేని తన ప్రశ్నను పర్యవేక్షకుని ముందు పెట్టి, తొందరపాటు ఓదార్పు బదులు శ్రద్ధగా వినిపించుకున్న విద్యార్థికే ఆ ఓర్పు అలవడుతుంది. 'ఈ రోగిని చూసినప్పటినుంచి నాకు ప్రార్థన రావడం లేదు' అని ఒక విద్యార్థి అన్నాడనుకుందాం. పర్యవేక్షకుడు దానిని ఆత్మీయ లోపంగా నమోదుచేస్తే, రేపు ఆ విద్యార్థి తన రోగి సందేహాన్నీ లోపంగానే వింటాడు. శిష్యుని సందేహానికి దొరికిన ఆదరణే రోగి సందేహానికి చేరుతుంది. సమన్వయ శిక్షణలో పణంగా ఉన్నది ఇదే.

విలువల ఘర్షణ తీవ్రమైన సందర్భాలలో ఇది మరింత స్పష్టమవుతుంది. లైంగిక అభిరుచిని మార్చే ప్రయత్నాలు సఫలమవుతాయనడానికి తగిన ఆధారాలు లేవని ఏపీఏ 2009లో తీర్మానించింది. రోగి మతవిశ్వాసాన్ని చులకన చేయరాదని కూడా ఆ సందర్భంలోని నివేదిక సూచించింది. స్వలింగ సంబంధం విషయంలో తాను సహాయం చేయలేనని ఒక రోగిని వేరొకరికి అప్పగించమని కోరిన కౌన్సెలింగ్ విద్యార్థినిని, మిషిగన్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం కార్యక్రమం నుంచి తొలగించగా, 'వార్డ్ వర్సెస్ పోలైట్' వ్యాజ్యంలో అప్పీలు న్యాయస్థానం 2012లో ఆమె వాదాన్ని విచారించదగినదిగా భావించి కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. అది మాస్టర్స్ స్థాయి శిక్షణకు సంబంధించినదైనా ప్రశ్న అందరిదీ. విద్యార్థి మనస్సాక్షికి రక్షణ కావాలి. చికిత్సాగదిలోకి వచ్చిన మనిషికి, తాను ఎవరో చెప్పినందుకు తలుపు మూసుకోదన్న భరోసా కూడా కావాలి. రెండింటినీ ఒకే శిక్షణలో ఎలా ఇముడ్చుకోవాలో చూపగలిగినప్పుడే విశ్వాసాధారిత కార్యక్రమాలు తమ ప్రత్యేకతను నిరూపించుకున్నట్టు.

7. సంస్కృతి, భాష

సమన్వయవాదం తన సంస్కృతిని తాను గమనించుకోలేదన్న విమర్శ ఆ వర్గంలోనుంచే వచ్చింది. ఫుల్లర్ ఆచార్యుడు ఆల్విన్ డ్యూక్, కెవిన్ రైమర్‌తో కలిసి 2009లో వెలువరించిన 'ఎ పీసబుల్ సైకాలజీ'లో, పాశ్చాత్య చికిత్స తన పరిభాషను సార్వజనీనమని భావించి బలహీనుల సొంత సంప్రదాయాలపై రుద్దుతుందని వాదించారు. రోగి తన మతభాషలోనే మాట్లాడగలగాలన్నది వారి ఆకాంక్ష.

ఈ విమర్శ తెలుగు పరిశోధకులకు దగ్గరిది. 'సైకాలజీ' అన్న పదానికి మూలమైన గ్రీకు 'సైకీ'ని తెలుగు బైబిలు ఎక్కువచోట్ల ప్రాణమని అనువదించింది. ఆత్మ అన్న మాటను ప్రధానంగా 'న్యూమా'కు వాడింది. తెలుగు శాస్త్రపరిభాష మాత్రం 'సైకాలజీ'కి మనస్సును ఎంచుకుని మనోవిజ్ఞానశాస్త్రమంది. అందువల్ల తెలుగు క్రైస్తవుడు 'నా ప్రాణం కుంగిపోయింది' అన్నప్పుడు ఏ శాస్త్రం వైపు మాట్లాడుతున్నాడో ఆంగ్ల నమూనాలు చెప్పలేవు. రెండు శాస్త్రాలను కలపాలనుకునేవారు అవి ఒక భాషలో ఎక్కడ విడిపోయాయో ముందు చూడాలి.

చట్టం దృష్టిలోనూ మన సందర్భం వేరు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుల అర్హతలు 1992 నాటి పునరావాస మండలి చట్టంతో ముడిపడి ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మతం, కులం, లైంగిక అభిరుచి వంటి కారణాలతో వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కునిచ్చింది. సమాజంలో చెలామణిలో ఉన్న మతవిశ్వాసాలకు భిన్నంగా ఉండటాన్ని మానసిక వ్యాధి నిర్ణయానికి ఆధారం చేయరాదని కూడా చెప్పింది. ఏ మతం పేరుతోనైనా ఇక్కడ విశ్వాసాధారిత శిక్షణను ఆలోచించేవారు అమెరికా నమూనాను యథాతథంగా తెచ్చుకోవడానికి ముందు ఈ రెండు నిబంధనలనూ చదువుకోవాలి.

8. ముగింపు

క్రైస్తవ విశ్వాసాధారిత డాక్టరేట్ శిక్షణ, రోగి మాటను సగం వినే అలవాటును సరిచేయడానికి పుట్టింది. ఆ లక్ష్యం గౌరవించదగినది. వృత్తిసంఘం ప్రమాణాలకు లోబడి దశాబ్దాలుగా నిలబడటం దాని బలం. సిద్ధాంత నమూనాల పోటీలో కాలం గడుపుతూ, తన పరిశోధనే ఎత్తిచూపిన గురుశిష్య సంబంధపు షరతులను పరీక్షకు పెట్టకపోవడం దాని లోపం. ఈ పరిశీలననుబట్టి మూడు సూచనలు చేయవచ్చు.

ఒకటి: శిక్షణకాలంలో విద్యార్థి విశ్వాసం మారితే ఏమవుతుందో ప్రతి కార్యక్రమమూ ప్రవేశానికి ముందే రాతపూర్వకంగా తెలపాలి. చేరడానికి విశ్వాసం షరతైనా, పట్టా పొందడానికి అది షరతు కారాదు.

రెండు: విద్యార్థి విశ్వాస జీవితం గురించి ఆంతరంగికంగా వినేవారు వేరు, అతని వృత్తి సామర్థ్యాన్ని మదింపు చేసేవారు వేరు కావాలి. రోగి మతప్రస్తావనను విద్యార్థి ఎలా విన్నాడన్నది మదింపులో ఉండాలి, విద్యార్థి ఏమి నమ్ముతున్నాడన్నది ఉండరాదు.

మూడు: సమన్వయంపై ఇకముందు జరిగే పరిశోధన విద్యార్థుల అభిప్రాయాల దగ్గర ఆగరాదు. మధ్యలో వెళ్లిపోయినవారినీ, ఈ శిక్షణ పొందినవారి దగ్గర చికిత్స తీసుకున్నవారినీ, వారిలో అన్యమతస్థులనూ ఏ మతమూ లేనివారినీ కూడా అడగాలి.

విశ్వాసంలో స్థిరంగా ఉన్న సంస్థకు ఈ మూడింటివల్ల నష్టం లేదు. సందేహాన్ని భరించలేని విశ్వాసం, సందేహంతో తన దగ్గరకు వచ్చిన రోగినీ భరించలేదు. ఆ భరించే శక్తిని విద్యార్థిలో పెంచగలిగిన కార్యక్రమమే సమన్వయం అన్న మాటకు అర్హమవుతుంది.